ప్రకటనల వృత్తిలో నొక తెలుగువాడు



పులివెందులనుండి వేంపల్లె మీదుగా ఇడుపులపాయకు పోవువారు త్రోవ పొడవునను గోడలను చూచుచునే యుందురు. సున్నము కొట్టిన గోడ కనబడిన చాలును, దానిపై సిమెంటు పేరో, ఎరువు పేరో, విత్తనముల కంపెనీ పేరో పెద్ద యక్షరములతో వ్రాయబడి యుండును. గోడ యజమాని యనుమతి నడిగి వ్రాసిరో లేదో నే నెఱుగను. ఆ యక్షరములను కూడబలుకుకొని చదువని పిల్లవాడు మాత్రము లేడు. అక్షరాభ్యాసము పలకమీద జరిగినను, చదువుట అలవాటైనది గోడల వలననే యని చెప్పు పెద్దలు మన పల్లెలలో పెక్కుమంది గలరు.

ఇడుపులపాయలో 2008వ సంవత్సరమున రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమువారి విద్యాలయము వెలసినది. పదవ తరగతి ముగించిన పిల్లలు, అందు పెక్కుమంది పల్లెలవారు, అక్కడనే ఆరేండ్లుండి ఇంజనీరింగు చదువుదురు. అట్టి విద్యార్థి తాతగా రొకరు వేంపల్లె బస్టాండులో నా ప్రక్కన కూర్చుండి, మాటల సందర్భమున నిట్లనిరి: “ఏమప్పా, మా మనమడు సదువైపోయినాక ప్రకటనలు తయారుచేసే ఆఫీసులో సేరతానంటాడు. సరుకు లేనోడు మాటలమ్మితే దాన్ని ఉద్యోగమంటారా?”

నాకు వెంటనే సమాధానము తోచలేదు. ప్రశ్న చిన్నదే గాని, అందులో రెండు సందేహములు కలవు. ఇది అబద్ధముతో బ్రదుకు పనియా యనునది మొదటిది. పల్లెటూరి పిల్లవాడు, ఇంగ్లీషు ఇంటి భాష కానివాడు, అందులో నిలువగలడా యనునది రెండవది. ఈ రెండింటికిని ఒక మనుష్యుని జీవితము నుదాహరణముగా జూపుట మేలని తోచి, ఎ. జి. కృష్ణమూర్తిగారి చరిత్రను మీకు చెప్ప బూనుకొంటిని.

దానికి ముందు ప్రకటన యనగా నేమో కొంచెము విచారింపవలెను. చాటింపు మనకు క్రొత్తది కాదు. తప్పెట కొట్టి, ఫలానినాడు సంత యనియో, ఫలానినాడు శిస్తు కట్టవలె ననియో వీధివీధిని చెప్పుట మన తాతల నాటినుండియు నున్నదే. కాని పల్లెలో సరుకమ్మువాడు మన యెదుట నుండును. గానుగవాని నూనె చెడినచో మఱునాడు వాని గడపకే పోయి యడుగుదుము. సరుకు వేయి మైళ్ల దూరమున తయారై, చేసినవాని ముఖ మెన్నడును మనము చూడనిచో, ఎవరిని నమ్మి కొనవలెను? ఇక్కడనే పేరునకు పని కలిగినది. ప్రొద్దుటూరు బంగారు వర్తకము సంగతి మీకు తెలియును. నగమీద ముద్ర యున్నచో పరగూరివాడును ధైర్యముగా గొనును. ఆ ముద్ర చేయు పనినే కాగితముమీదను, ఆకాశవాణిలోను, టెలివిజనులోను మాటలచేతను బొమ్మలచేతను చేయుట ప్రకటన.

తెలుగువారికి ఈ విద్య రుచి చూపినవారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ప్రముఖులు. వారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారుచేయ నారంభించినపుడు దాని పేరెవరికిని తెలియదు. సంగీత సభలలో దానిని ఉచితముగా పంచిపెట్టించిరి. తలనొప్పి తగ్గినవాడు మఱునాడు అంగడికి పోయి అడిగెను. ఇంతకంటె నిజాయితీ గల ప్రకటన మఱియొకటి కలదా? ఆ లాభముతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టినది. తెలుగుదేశమున పత్రికయు ప్రకటనయు నొకే యింటి బిడ్డలని చెప్పినను తప్పు లేదు.

పంతులుగారు తమ సరుకునకు తామే చాటించుకొనిరి. ఇతరుల సరుకునకు చాటించుటయే వృత్తిగా గల సంస్థలు వేఱు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున వోల్నీ పామర్ అనునతడు 1840 ప్రాంతమున పత్రికలలో స్థలమును వర్తకులకు అమ్మిపెట్టుచు ఈ వృత్తికి దారి తీసెను. మన దేశమున 1905లో బొంబాయిలో దత్తారాం కంపెనీ వెలసెను. 1929లో అమెరికా సంస్థయైన జె. వాల్టర్ థాంప్సన్, మోటారు కార్ల కంపెనీ యొకదాని పనికై బొంబాయిలో కార్యాలయము తెఱచినది. అటుపిమ్మట చాలకాలము ఈ వృత్తి బొంబాయి, కలకత్తాలలోని ఇంగ్లీషు చదువరుల చేతులలోనే యుండెను. ప్రకటన ఇంగ్లీషులో పుట్టి, పిదప దేశభాషలలోనికి తర్జుమా యగుచుండెను. తర్జుమా చేసిన జోలపాటకు బిడ్డ నిద్రపోవునా?

ఈ సంస్థల ఆదాయమునుగూర్చి కూడ చెప్పవలెను. వర్తకుడు పత్రికలో ప్రకటనకై నూఱు రూపాయలు వెచ్చించినచో, అందు పదునైదు రూపాయలను పత్రికవారు సంస్థకు కమిషనుగా విడిచిపెట్టుదురు. పని చేయునది వర్తకునికి, కూలి ముట్టునది పత్రికవలన. వర్తకుడు ఎంత యెక్కువ వెచ్చించిన సంస్థకు అంత లాభము. మందు సీసాల లెక్కచొప్పున వైద్యునికి జీతమిచ్చినట్లున్నదే యని మీ కనిపించవచ్చును. నాకును అట్లే యనిపించినది. ఇటీవలి దశాబ్దములలో పలు సంస్థలు నిర్ణీతమైన రుసుము తీసికొను పద్ధతికి మాఱుట మంచిదే.

ఇందులో ఉద్యోగి చేయు పనియేమి? సంస్థ తరఫున వర్తకునితో వ్యవహరించువానిని అకౌంటు ఎగ్జిక్యూటివు అందురు. వీనికి పెండ్లిండ్ల పేరయ్యతో పోలిక కలదు. ఒకవైపు వర్తకుడు, ఒకవైపు మాటలు వ్రాయువాడును బొమ్మలు గీయువాడును. ఇరువురకు నడుమ వీడు. ఉదయము మిల్లు యజమాని యొద్దకు పోయి సరుకు గుణము తెలిసికొనును. మధ్యాహ్నము అంగడిలో నొక మూల నిలుచుండి, కొనవచ్చిన స్త్రీలు ఏమి యడుగుచున్నారో, దేనిని చేత పట్టుకొని మరల క్రింద పెట్టుచున్నారో చూచును. సాయంకాలము ఆ చూచినదంతయు ఒక కాగితమున కెక్కించి వ్రాతగానికిచ్చును. పత్రికలో స్థలము సెంటీమీటర్ల లెక్క, టెలివిజనులో కాలము పది సెకండ్ల లెక్క. ఆ వెలలు కట్టి, వర్తకుని సొమ్ము ఏ పత్రికకు ఎంత పోవలెనో నిర్ణయింపజేయును. అంతయు సిద్ధమైన పిదప యజమాని చూచి, “అంతయు బాగున్నది గాని, నా పేరు మఱికొంచెము పెద్దదిగా వేయుడు” అనును. అప్పుడు వ్రాతగానికి కోపము రాకుండ, యజమానికి చిన్నతనము కలుగకుండ చక్కబెట్టుటయే ఈ యుద్యోగమున గొప్ప విద్య.

ఇక కృష్ణమూర్తిగారి సంగతి. వారు 1942 ఏప్రిలు 28వ తేదీన గుంటూరు మండలమందలి వినుకొండలో జన్మించిరి. చదువు ముగిసిన పిదప వారికి దొరకినది గుమాస్తా పని. మన యిండ్లలో నట్టి పని దొరకిన కుఱ్ఱవానికి సంబంధములు చూచుటకు మొదలు పెట్టుదురు. ఇక జీవితము ఒడ్డున పడినదని యందఱును సంతోషింతురు. వారు మాత్రము 1968లో ఇరువదియాఱేండ్ల వయసున అహమ్మదాబాదుకు తరలి, కాలికో మిల్లులలో గిరా సారాభాయిగారికి సహాయకులుగా చేరిరి. అహమ్మదాబాదు మాటలాడునది గుజరాతీ. ప్రకటనల లోకము మాటలాడునది ఇంగ్లీషు. వినుకొండ మాటలాడునది తెలుగు. ఈ మూటి నడుమ నిలిచిన యువకుని ధైర్యమును మనము తక్కువగా నెంచరాదు.

గిరా సారాభాయిగారు సామాన్యురాలు కారు. తమ సోదరుడు గౌతమ్ సారాభాయితో గూడి 1961లో అహమ్మదాబాదులో జాతీయ డిజైను విద్యాసంస్థ స్థాపనకు కారకులైనవారు. వస్త్రము నేతలో, అద్దకములో, రంగులో ఏది యందమో, ఏది యాడంబరమో యెఱిగినవారు. అట్టివారి యొద్ద పని యనగా జీతమిచ్చి చదువు చెప్పినట్లే. 1972లో కృష్ణమూర్తిగారు సారాభాయి కుటుంబమునకే చెందిన శిల్పి యను ప్రకటనల సంస్థలో అకౌంటు ఎగ్జిక్యూటివుగా ప్రవేశించిరి. 1976లో రిలయన్సు కంపెనీలో ప్రకటనల మేనేజరైరి.

రిలయన్సు స్థాపకుడైన ధీరూభాయి అంబానీ ఒక బడిపంతులుగారి కుమారుడు. ఏడెను రేవులో గుమాస్తాగా పనిచేసి వచ్చినవాడు. నరోడాలోని తన మిల్లు బట్టకు తన యన్నగారి కుమారుడైన విమల్ పేరు పెట్టెను. అంతవఱకు కొనువారు చాలవఱకు వర్తకుని నమ్మి బట్ట గొనుచుండిరి గాని, నేసిన మిల్లు పేరడిగి కొనుట తక్కువ. ఆ పేరును దేశమంతటను పలికింపవలెనని ఆయన సంకల్పము. ఒక గుమాస్తా మనసు నింకొక గుమాస్తా త్వరగా గ్రహించె ననుకొందును.

1980 మార్చి 25వ తేదీన, ముప్పదియైదు వేల రూపాయల మూలధనముతో, ఒక్క ఖాతాదారుతో, కృష్ణమూర్తిగారు అహమ్మదాబాదులో ‘ముద్ర’ యను సంస్థను ప్రారంభించిరి. ఆ ఒక్క ఖాతాదారు విమల్. ముప్పదియైదు వేలనగా నేడు ఒక మోటారు సైకిలునకు చాలని సొమ్ము. ప్రకటనల వ్యాపారమంతయు బొంబాయిలో నుండగా, అహమ్మదాబాదున కూర్చుండి ఏమి చేయగలరని పరిహసించిన వారుందురనుట ఊహింప గష్టము కాదు. తొమ్మిదేండ్లలో ఆ సంస్థ దేశమున మూడవ స్థానమునకు వచ్చినది.

కాలము కూడ వారి కనుకూలించినది. ఆకాశవాణి వివిధభారతిలో 1967 నుండి వ్యాపార ప్రకటనలు వినబడుచుండెను. దూరదర్శనులో 1976 జనవరినుండి అవి మొదలయ్యెను. 1982లో రంగుల ప్రసారము వచ్చెను. బట్టల వర్తకునికి రంగు కంటె కావలసిన దేమి? చీర నలుపు తెలుపులలో చూపిన నేమి ప్రయోజనము! అంతవఱకు పత్రిక చదువగలవారికే తెలిసిన పేరు, చదువురాని యిల్లాలికి సైతము తెలియ నారంభించినది. “ఓన్లీ విమల్” అను రెండు ముక్కలు ఇంగ్లీషు రానివారి నోటను పలికినవి.

బట్టకంటె నాకు రస్నా కథ యెక్కువ యుపదేశకరముగా తోచును. అది యొక పానీయపు పొడి. వేసవిలో చుట్టములు వచ్చినపుడు సీసాలలోని పానీయము తెప్పించి అందఱకు నిచ్చుట మధ్యతరగతి యింటికి భారము. ఐదు రూపాయల పొట్లముతో ముప్పదిరెండు గ్లాసులు తయారగునని ప్రకటన చెప్పినది. లెక్క వేసి చూడుడు: చక్కెర వెల విడిచిన, గ్లాసునకు పదియాఱు పైసలును పడదు. ఒక చిన్న బాలిక “ఐ లవ్ యూ రస్నా” యని పలుకుట దేశమున పిల్లలందఱకు నోటికి వచ్చినది. బాలిక ముద్దుమాటకు జనులు మురిసిరి గాని, ఇల్లాలిని అంగడికి పంపినది ఆ లెక్కయే. ఇరుగుపొరుగు ఇండ్లలో గ్లాసులు లెక్కించుచు పెరిగినవానికి గాని ఇది తోచదు. పెద్ద హోటళ్లలో విందులారగించువానికి ముప్పదిరెండు గ్లాసుల విలువ యేమి తెలియును? రెండవ సందేహమునకు, అనగా పల్లెటూరివాడు నిలువగలడా యనుదానికి, నా సమాధాన మిదియే. అతడు చూచిన జీవితమే అతని మూలధనము.

ఇచ్చట నొక మాట చెప్పక దాటరాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతములలో మగ్గముపై బ్రదుకు కుటుంబము లెన్ని యున్నవో మీ రెఱుగుదురు. మిల్లులలో నేసిన కృత్రిమపు నూలు చీరలు దేశమున నిండుచుండగా ఆ మగ్గములకు పని తగ్గినది. ఇందుకు ప్రకటన యొక్కటే కారణమని నేననను. ఆ చీర ఉతుకుట సులువు, ముడుతపడదు, త్వరగా ఆఱును, చాలకాలము మన్నును. పొలమున పని చేయు స్త్రీకి ఇవి చిన్న గుణములు కావు. అయినను, మిల్లు చీరకు దేశమంతటను చాటించు నోరుండెను, మగ్గపు చీరకు లేకుండెను. నేతగానికి నేయుటయే తెలియును. తన చీర గొప్ప చెప్పుకొనుట తెలియదు, చెప్పుకొనుటకు సిగ్గుపడును కూడ. కృష్ణమూర్తిగారి ప్రతిభను మెచ్చుకొనునప్పుడు నా మనసులో ఈ ముల్లొకటి మెదలుచునే యుండును. అట్టి ప్రతిభలో నాలవపాలు మన నేతగాండ్రకు దొరకియున్నచో ఏమయ్యెడిదో! సరుకు మంచిదైన చాలు, దానంతట నదే యమ్ముడుపోవునని మనవారనుకొనుట పెద్ద పొరపాటు. చీనికాయలు పండించు మన పులివెందుల రైతునకు ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. బత్తాయి యను పేరుతో పట్టణమున బండిమీద అమ్ముడుపోవు కాయ ఏ యూరిదని యెవరడుగుచున్నారు?

మొదటి సందేహమునకు వత్తము. వేయి యబద్ధములాడియైన నొక పెండ్లి చేయుమన్నారు మన పెద్దలు. పెండ్లి జీవితమున నొక్కసారియే గనుక ఆ సామెత చెల్లినది. పానీయపు పొడి ప్రతి వేసవిలోను కొనవలెను, చీర ప్రతి పండుగకు కొనవలెను. మొదటిసారి మోసపోయిన యిల్లాలు రెండవసారి ఆ పొట్లమును ముట్టదు. అంతతో నూరుకొనక వీధిలో పదిమందికి చెప్పును. కనుక నిలుకడగా సాగవలెనను వర్తకునికి అబద్ధపు ప్రకటన నష్టకరము. కాని ఒక్కసారి యమ్మి పారిపోవువానికి ఈ న్యాయము వర్తింపదు. విత్తనములు, మందులు, అధిక వడ్డీ యాశ చూపు చీట్లు మొదలగునవి యిట్టివి. విత్తనము అబద్ధమని తెలియుసరికి ఋతువే గడచిపోవును, అమ్మినవాడు దొరకడు. ఇట్టివానిని మంచి మాటలతో సంస్కరింపలేము; చట్టమే కావలెను.

చట్టము లున్నవి. మధుమేహము, పుట్టకురుపు మొదలైన వ్యాధులను నయము చేసెదమని ప్రకటించుటను 1954లోని యొక చట్టము నిషేధించినది. ఈ వృత్తిలోని వారే 1985లో ప్రకటనల ప్రమాణముల మండలి నొకదానిని ఏర్పఱచుకొనిరి. 2019లోని వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము, జనులను తప్పుదారి పట్టించు ప్రకటనకు పది లక్షల రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చును. ఆ సరుకును పొగడిన సినిమా నటులకును అది తప్పదు. ఫిర్యాదునకు 1915 అను టెలిఫోను సంఖ్య కలదు. ఈ సంఖ్యను గోడమీద వ్రాసికొనిన మంచిది. ఎట్లును గోడలు మనవే కదా.

కృష్ణమూర్తిగారు చేసిన యింకొక పని యున్నది. 1991లో ముద్ర సంస్థ తరఫున అహమ్మదాబాదులో ఈ వృత్తికై యొక విద్యాలయమును నెలకొల్పిరి. దానిని మైకా యందురు. అంతవఱకు ఈ విద్య పెద్ద సంస్థలలో చేరినవారికి, చేరుటకు పరిచయములున్నవారికి మాత్రమే దక్కుచుండెను. బడి వెలసిన పిదప పరీక్ష వ్రాసి యెవడైనను చేరవచ్చును. తనకు గిరా సారాభాయివంటి గురువు దొరకుట అదృష్టమని, అదృష్టము అందఱకు రాదని తెలిసినవాడు చేయు పని ఇది. వారు 2003లో పదవి విరమించి, పిదప హైదరాబాదున నుండి గ్రంథరచన సాగించిరి. ధీరూభాయి పనితీరుపై వారు వ్రాసిన పుస్తకము పలువురు చదివినది. ముద్ర 2011లో అమెరికా దేశపు ఆమ్నికామ్ సంస్థ చేతిలోనికి పోయినది. తెలుగువాడు నాటిన చెట్టు నీడ నేడు పరుల పెరటిలో నున్నది. కృష్ణమూర్తిగారు 2016 ఫిబ్రవరి 5వ తేదీన హైదరాబాదులో పరమపదించిరి.

వేంపల్లె బస్టాండులో ఆ తాతగారికి నేనింత విపులముగా చెప్పలేదు. గుమాస్తా సంగతియు, ముప్పదిరెండు గ్లాసుల లెక్కయు చెప్పితిని. ఏ విషయమున పట్టభద్రుడైనను మైకా ప్రవేశపరీక్ష వ్రాయవచ్చుననియు, చదువు రెండేండ్లనియు, రుసుము లక్షలలో నుండుననియు, బ్యాంకు అప్పు దొరకుననియు చెప్పితిని. మొదటి యేండ్లలో జీతము స్వల్పము, పని రాత్రులలో కూడ నుండునని దాచక చెప్పితిని. ఆయన కొంతసేపు లెక్క వేసికొని, రుసుము సంగతి మరల నొకసారి యడిగి, ఆదివారము మనుమడు ఇంటికి వచ్చినపుడు మాటలాడెదనని చెప్పి బస్సెక్కిరి.